మునివెంకటమ్మ చూపు ఆగే చోటు

మునివెంకటమ్మకు చదవడం రాదు. బొమ్మనహళ్ళిలో ఆవిడ పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. మొగుడు ఓబులేషుకు తెలుసు గానీ, గూడ్స్ ఆటో నడుపుకునే ఆ మనిషి దేన్నీ పెద్దగా పట్టించుకునే రకం కాదు. కన్నకూతురు చైత్రకు కూడా తెలియదు. నమ్మరా? మీ ఇష్టం. రాని విద్యను వచ్చినట్టు పంతొమ్మిదేళ్ళు నడిపించుకురావడానికి ఎంత తెలివి కావాలో, ఎన్ని తిప్పలు పడాలో, అలా బతికినవాళ్ళు మాత్రం నమ్ముతారు.

ఆవిడది బాగేపల్లి దాటాక ఒక పల్లె. ఆరుగురు పిల్లల్లో పెద్దది కాబట్టి బడి మాటే రాలేదు, మేకల వెంట పంపారు. పెళ్ళయి బెంగుళూరు వచ్చాక ఈ ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనికి చేరింది. కత్తెర పట్టడానికి చదువెందుకు? కానీ ఏడాది తిరక్కుండానే ఆవిడ కన్ను ఎలాంటిదో అందరికీ తెలిసిపోయింది. ఒక్క కుట్టు జారినా, గుండీ రంధ్రం ఆవగింజంత పక్కకు జరిగినా ఇట్టే పట్టేసేది. అప్పటి సూపర్వైజరు అది చూసి, "చెకింగుకు పోతావామ్మా? ఎంతవరకూ చదివినావు?" అని అడిగాడు.

"ఏడో క్లాసు సార్" అంది.

ఎలా అందో ఆవిడకే తెలియదు. ఎదురింటి పిల్ల ఏడు చదువుతుండేది, ఆ అంకె నాలుక మీద ఆడుతుండేదేమో. ఆయన కాగితం చూపమనలేదు. మర్నాడే చెకింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టాడు. అందరూ అదృష్టవంతురాలివన్నారు. ఆ అదృష్టంతో పాటే కడుపులోకి భయం చేరింది. అది మళ్ళీ బయటికి పోలేదు.

చొక్కా కుట్టు చూస్తే చెకింగ్ అయిపోదు. మెడ వెనక సైజు లేబుల్, పక్క కుట్టులో ఎలా ఉతకాలో చెప్పే లేబుల్, ఏ దేశానికి పోయే సరుకైతే ఆ దేశం భాషలో అక్షరాలు, అన్నీ సరిగ్గా ఉండాలి. మునివెంకటమ్మ దీనికి తనదైన పద్ధతి ఒకటి కనిపెట్టుకుంది. విదేశీ కంపెనీవాళ్ళు సరేనని సంతకం పెట్టి పంపిన శాంపిల్ చొక్కా ఒకటి ప్రతి ఆర్డరుకూ టేబుల్ పక్కన తగిలించి ఉంటుంది. దాని లేబుల్‌ను ఆవిడ ముగ్గులాగా కంఠతా పట్టేది. ఇక్కడ ఒక కొక్కెం, పక్కన రెండు కాళ్ళు, ఆ పక్కన సున్నా, దాని నెత్తిన రెండు చుక్కలు. చేతిలోని లేబుల్ ఆ ముగ్గుతో కలిస్తే ముందుకు, కలవకపోతే పక్కకు. చదవడం వచ్చినవాళ్ళు చదివేశాంలే అనుకుని వదిలేసిన తప్పులు కూడా ఆవిడకు దొరికేవి. పంతొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు లేబుల్ ఆ టేబుల్ దాటలేదు.

ఇక మిగతా బతుకంతా నాటకమే. నోటీసు బోర్డు ముందు జనం మూగితే తనూ వెళ్ళి, "చూసినావా, మళ్ళా మొదలుపెట్టినారు" అని గొణిగేది. పక్కనున్న పిల్ల వెంటనే "ఏం మొదలుపెట్టినారక్కా?" అంటూ నోటీసు గడగడా చదివేసేది. ఇంట్లో చైత్ర ఏదైనా చూపిస్తే "కళ్ళద్దాలు యాడ పెట్టినానో" అని వెతుక్కునేది. సంతకం మాత్రం కన్నడంలో పెడుతుంది, అదీ బొమ్మ గీసినట్టు నేర్చుకున్నదే.

ఇలా జరిగిపోతుండగా మొన్న ఎండాకాలంలో లిడియా అనే అమ్మాయి వచ్చింది. ఒంగోలు పిల్ల, ఇక్కడ ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఒకే ఫోటోను పదిమందికి చూపిస్తే పదిమంది కళ్ళూ పది చోట్లకు పోతాయట. ఎవరి చూపు ముందు ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో కొలవడం ఆ పిల్ల పని. నర్సులను కొలిచింది, లెక్చరర్లను కొలిచింది, బస్సు డ్రైవర్లను కొలిచింది, ఇప్పుడు చెకింగ్ చేసేవాళ్ళు కావాలంది. ఫ్యాక్టరీవాళ్ళు సరేనని, పనివాళ్ళ పసిపిల్లలను పడుకోబెట్టే గదిలో ఉయ్యాలలు ఒక పక్కకు జరిపి చోటిచ్చారు.

మొదటి రోజు పోయి వచ్చింది పక్క టేబుల్ సౌమ్య. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకున్నప్పుడు దాని నోటికి అడ్డేలేదు.

"గడ్డం ఒక పీట మీద పెట్టమంటారక్కా. ఎదురుగా ఫోటోలు. కింద ఒక కెమెరా మన కంటిపాపనే చూస్తా ఉంటాది. నేను ఏ ఫోటో చూసినా ముందు తిండినే చూసినానంట! పెండ్లి ఫోటోలో పెండ్లికూతుర్ని వదిలేసి లడ్డూ మీద పడినాయంట నా కండ్లు." అందరూ పడీపడీ నవ్వారు. మునివెంకటమ్మ కూడా నవ్వింది.

"అబద్ధం చెప్పేకి కాదక్కా దాని ముందర. నోరైతే చెప్తాది గానీ కన్ను చెప్పదంట. ఇప్పుడు ఫోటోలో అక్షరాలు ఉండాయనుకో, చదువుకున్నోళ్ళ కన్ను ఆడికి పోకుండా ఉండదంట."

మునివెంకటమ్మ చేతిలోని ముద్ద క్యారియర్‌లోనే వదిలేసింది. మంచినీళ్ళు తాగింది. సౌమ్య ఇంకేదో చెబుతోంది గానీ ఏదీ చెవికెక్కలేదు. అయితే చదువు రానివాళ్ళ కన్ను అక్షరాల దగ్గరికి పోదన్నమాట. పోకపోతే ఆ కెమెరా రాసుకుంటుంది. రాసుకున్నది ఎవరెవరు చూస్తారో! నలభై రెండేళ్ళ వయసులో చెకింగ్ నుంచి తీసేస్తే మళ్ళీ కత్తెర పట్టాలి. అదైనా ఇస్తారా? అబద్ధం చెప్పి చేరావని గేటు బయట నిలబెడితే? చైత్ర కాలేజీ రెండో ఏడు చదువుతోంది. దాని ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

పేరు ఇవ్వకుండా తప్పించుకుందామనుకుంది. అది కుదరనివ్వలేదు దేవరాజ్. ఆయన ఫ్లోర్ ఇన్‌చార్జి. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. చెకింగ్ అయిన ప్రతి విడత సరుకు కాగితం మీదా కింద ఆయన సంతకం ఉంటుంది.

"మునివెంకటమ్మ పోకపోతే ఇంకెవరు పోతారప్పా? మా ఫ్లోరులో అట్లాంటి కన్ను ఇంకొకటి లేదు" అని లిడియా ముందే అనేశాడు.

"నాకు తలనొప్పిగా ఉండాది సార్."

"సుమ్నే, ఊరికే ఫోటోలు చూసేకి తలనొప్పేమి? పో, పది నిమిషాల పని."

మునివెంకటమ్మ ఆ గదిలోకి నడిచింది. పాల వాసన, పౌడరు వాసన. మూలన ఉయ్యాలలో ఎవరి బిడ్డో నిద్రపోతోంది. లిడియా నవ్వుతూ కుర్చీ జరిపి, ఒక కాగితం చేతికిచ్చింది.

"ఆంటీ, ఇది పర్మిషన్ ఫారం. చదివి సంతకం పెట్టండి. నన్ను చదివి వినిపించమంటారా?"

వినిపించమని ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ పంతొమ్మిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? "వద్దు పాపా, నేనే చదువుకుంటా" అంది. సంతకానికి గీసిన గీత ఎక్కడుందో చూసి కాగితం ఏ వైపు కిందో తేల్చుకుంది. మనసులో ముప్పై లెక్కపెడుతూ కళ్ళు మెల్లగా కిందికి దించింది. మధ్యలో ఒకసారి తలాడించింది. ముప్పై కాగానే సంతకం గీసింది.

లిడియా కాగితం తీసుకుని నాలుక్కరుచుకుంది. "అయ్యో, ఇంగ్లీషుది ఇచ్చేశాను ఆంటీ! తెలుగుదీ కన్నడదీ ఇక్కడే ఉన్నాయి. అయినా మీరు చదివేశారే! మీకు ఇంగ్లీషు వచ్చా?"

మునివెంకటమ్మ ఇరుక్కుపోయింది. ఏమంటుంది? కాదంటే ఇందాక తలాడించింది దేనికని అడుగుతుంది. "ఏదో, స్వల్ప" అంది. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం.

గడ్డం పీట మీద పెట్టింది. తెర మీద ఒక చుక్క అటూ ఇటూ తిరుగుతుంటే దాని వెంటే చూడమంది లిడియా. "ఇది పరీక్ష కాదు ఆంటీ. తప్పూ ఒప్పూ ఉండవు. రిలాక్స్‌గా ఫోటోలు చూడండి, అంతే."

పరీక్ష కాదట! చొక్కా చేతికిస్తే తప్పు వెతకడం తప్ప ఇంకేం తెలుసు ఆవిడకు? ఆ తెర మీద ఎక్కడో ఒక తప్పు పెట్టి ఉంటారనీ, అది పట్టకపోతే దొరికిపోతాననీ ఆవిడ నమ్మకం. కూర్చునేముందే ఒక ఉపాయం ఆలోచించుకుంది. అక్షరాలు కనబడితే చదువుకున్నవాళ్ళలా కాసేపు అక్కడ ఆగాలి, తర్వాత పక్కకు జరగాలి. కానీ ఫోటో మూడు సెకన్లే ఉంటుంది. మూడు సెకన్లలో ఏం నాటకమాడతాం? బస్టాండు వచ్చింది, పోయింది. వంటిల్లు వచ్చింది, పోయింది. గాజుల అంగళ్ళున్న బళేపేట సందొకటి వచ్చింది, పోయింది. ఆసుపత్రి వరండా, చేపల బజారు, పుట్టినరోజు పార్టీ. ఆవిడ ఉపాయం మొదటి ఫోటోలోనే మరిచిపోయింది. ఊపిరి బిగబట్టి, కళ్ళు ఎటు లాగితే అటు పోయింది. అరవై ఫోటోలు అయ్యేసరికి వీపు మీద జాకెట్టు తడిసి అతుక్కుపోయింది.

అంతలో దేవరాజ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "ఏమ్మా, మావాళ్ళ మార్కులు ఎంత?"

"మార్కులు లేవు సార్. ఆంటీ, సార్‌కి చూపించొచ్చా?" అని అడిగింది లిడియా. వద్దంటే అనుమానం వస్తుందని మునివెంకటమ్మ తలూపింది. అయిపోయింది, ఇప్పుడు బయటపడుతుంది అనుకుంది.

లిడియా గొంతులో మాత్రం సంబరం. "అరవై ఫోటోల్లో అక్షరాలున్నవి ముప్పై ఏడు సార్. ముప్పై ఏడింటిలోనూ ఆంటీ చూపు ముందు అక్షరాల మీదకే పోయింది! బోర్డు మీదా, సంచీ మీదా, అగ్గిపెట్టె మీదా కూడా. కావాలని చేస్తే ఇంత తొందరగా పోదు. కనురెప్ప వేసేలోపు పోయింది. లెక్చరర్లను కొలిచాను, వాళ్ళకు కూడా ఇలా రాలేదు. పైగా ఇంగ్లీషు ఫారం అలా చదివేశారు!"

తెర మీద ఎర్రటి మచ్చలు. ఎక్కడ అక్షరం ఉంటే అక్కడ, పుండు లేచినట్టు. మునివెంకటమ్మకు అవి ఏమిటో లిడియా కంటే ముందే అర్థమైంది. చదవడం వచ్చినవాళ్ళు అక్షరం కనబడితే చదివి దాటిపోతారు. రాకపోయినా ఫరవాలేదనుకునేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. దొరికిపోతానని హడలిపోయేవాళ్ళ సంగతి వేరు. ఇంట్లో ఒక మూల పాము దూరిందని తెలిస్తే గడప తొక్కగానే ముందు ఆ మూలకే చూస్తాం కదా! ఎక్కడికి వెళ్ళినా అక్షరాలు ఎక్కడున్నాయో చూసుకుని, చదవమని అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, అప్పుడు ఊపిరి తీసుకోవడం ఆవిడకు అలవాటు. ఆ ఎరుపంతా భయం.

దేవరాజ్ మాత్రం చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "ఇంగ్లీషు కూడా వస్తాదా! ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు? రేపు పొద్దున ఫారిన్ కంపెనీవాళ్ళు వస్తా ఉండారు. కొలతల షీటు, లేబుళ్ళు అన్నీ వాళ్ళ ముందర చదివి సరిచూపించాల. ఎవర్ని నిలబెట్టాలో తెలీక తల పట్టుకుని ఉండాను. నువ్వే చదువు. పని అయినాక కేబిన్‌కు రా, షీటు ఇస్తాను."

ఆవిడ నోరు తెరిచేలోపు వెళ్ళిపోయాడు. మునివెంకటమ్మ కుర్చీలోంచి కదల్లేదు. రేపు పొద్దున. వాళ్ళందరి ముందు. జ్వరమని పడుకోవచ్చు. ఊళ్ళో ఎవరో పోయారనొచ్చు. ఎన్ని చావులు ఇప్పటికే చెప్పింది! చెప్పడానికి ఇంకా ఎవరు మిగిలారో గుర్తుకు రాలేదు.

"ఆంటీ, ఒక్క ఫోటో మాత్రం నాకు వింతగా ఉంది" అంది లిడియా, బళేపేట సందు ఫోటో మళ్ళీ తెర మీద పెడుతూ. "ఇందులో అందరూ ముందు ఈ పాపనే చూస్తారు. నర్సులు, డ్రైవర్లు, సౌమ్య కూడా. మీరు అసలు చూడలేదు."

"ఏ పాప?"

లిడియా వేలు పెట్టి చూపించింది. ఫోటో నట్టనడుమ మూడేళ్ళ పిల్ల. నేల మీద పడిపోయింది. నోరంతా తెరిచి ఏడుస్తూ, ఎత్తుకోమని రెండు చేతులూ చాపి ఉంది. గాజుల అంగడి బోర్డుల మీద ఎర్ర మచ్చలు కుప్పలుగా ఉన్నాయి. పిల్ల మీద ఒక్క చుక్క లేదు.

మునివెంకటమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. ఇంత పెద్ద పిల్ల, ఇంత ఏడుపు, కనబడలేదా? రెండేళ్ళ కిందట చైత్ర పీయూసీ, అదే ఇంటరు, రిజల్టు వచ్చిన రోజు గుర్తొచ్చింది. అది పరుగెత్తుకొచ్చి ఫోను ముఖం ముందు పెట్టింది, "చూడమ్మా" అని. తెర నిండా అక్షరాలు. చదవమంటుందేమోనని, "కళ్ళద్దాలు యాడ ఉండాయో" అంటూ గూట్లో వెతకడం మొదలుపెట్టింది. వెనకనుంచి చైత్ర, "ఒకసారి నా వైపు చూడమ్మా" అంది. ఆ రోజు అది నవ్వుతోందా, ఏడుస్తోందా? ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు. ముఖమే గుర్తు లేదు. ఫోను మాత్రం గుర్తుంది, దాని అంచున చిన్న పగులు కూడా గుర్తుంది. తన బిడ్డను తను చూడలేదు.

ఉయ్యాలలో బిడ్డ లేచి ఏడుస్తుంటే లిడియా అటు పోయింది. మునివెంకటమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. పని అయ్యేదాకా ఆగలేదు. ఆగితే జ్వరమో చావో నోటికి వచ్చేస్తుందని ఆవిడకు తెలుసు.

దేవరాజ్ కేబిన్‌లో ఫోను పెట్టేసి తలెత్తాడు. "వచ్చినావా? ఇదో షీటు" అని అందించాడు.

ఆవిడ అందుకోలేదు.

"నాకు చదివేది రాదు సార్."

దేవరాజ్ నవ్వాడు. "ఇప్పుడే కదా ఆ కంప్యూటర్..."

"అది తప్పు సార్. ఇంగ్లీషు రాదు, కన్నడ రాదు, తెలుగు రాదు. బడి మొఖమే చూడలేదు. ఏడో క్లాసనేది అబద్ధము. ఆ పాప కాగితం కూడా చదివినట్ల నటించినాను."

నవ్వు ఆగిపోయింది. అరుస్తాడనుకుంది. ముఖం మీద ఉమ్మేస్తాడేమోనని కూడా అనుకుంది. దేవరాజ్ కళ్ళు ఆవిడ ముఖం వైపే రాలేదు. తిన్నగా తలుపు మీదకు పోయాయి. చటుక్కున లేచి తలుపు వేసి గడియ పెట్టాడు.

"ఇంకెవరికి చెప్పినావు?" గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

"ఎవరికీ లేదు సార్."

"ఆ కాగితాలన్నిటి కిందా నా సంతకం ఉండాది కదమ్మా! నేను ఈడికి వచ్చినకాడ్నుంచి పదకొండేండ్ల కాగితాలు. చదువు రాని మనిషి లేబుళ్ళు చూసిందని తెలిస్తే నన్ను బతకనిస్తారా వాళ్ళు?"

"ఒక్క లేబుల్ తప్పు పోయిందా సార్?"

"అది కాదు మాట. అది ఎవరికి కావాల?" నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఇను. రేపు నువ్వు రావద్దు. కండ్లు బాగాలేవని లీవు పెట్టు. నేను ఎవర్నో ఒకర్ని చూసుకుంటా. వాళ్ళు పోయినాక ఎప్పటి మాదిరే టేబుల్ దగ్గర నిలబడు. నీ పనికి ఏమీ కాదు. ఈ మాట మాత్రం నువ్వు సచ్చేదాకా ఇంకొకరికి చెప్పొద్దు."

పని పోదు. ఆ మాట వినగానే మునివెంకటమ్మకు ప్రాణం లేచి వచ్చింది. తలూపబోయింది కూడా. అంతలో దేవరాజ్ కళ్ళు మళ్ళీ తలుపు వైపు పోయాయి, అక్కడినుంచి కిటికీకి, కిటికీ నుంచి మళ్ళీ తలుపుకు. ఆ చూపు ఆవిడకు బాగా తెలుసు.

"లేదు సార్, రేపు వస్తాను" అంది. "శాంపిల్ పక్కన పెట్టండి. ఎన్ని లేబుళ్ళైనా, ఏ భాషదైనా, తప్పొప్పులు నేను చూపిస్తా. చదవమంటే రాదని చెప్తా."

"పిచ్చా నీకు? పని పోతాది!"

"తెలుసు సార్. చానా భయంగా ఉండాది."

"మరి?"

"నా భయం నేను పంతొమ్మిదేండ్లు మోసినాను సార్. మీది కూడా నేనే మొయ్యాలంటే నాతో కాదు."

మునివెంకటమ్మ తలుపు దగ్గరికి నడిచింది. గడియ రెండుసార్లు జారింది. మూడోసారి తీసుకుని బయటికి వెళ్ళింది.